మూతికి చిక్కం

నా భార్య అలివేలు చావుకు మా నాయన కాటయ్య కారణం. ఇది కోపంతో అంటున్న మాట కాదు. కోపం ఎప్పుడో ఆరిపోయింది, విషయం మిగిలింది. కాన్పు కష్టమై పోయిందని ఊళ్లో అంటారు. బాట బాగాలేక పోయిందని కొందరంటారు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని రుక్కమ్మ అంటుంది. ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతారు. మిర్యాలగూడ మిల్లు వరండాలో నేను కూర్చున్న గంట గురించి వాళ్లెవరికీ తెలియదు. ఇప్పుడు ఒక్కసారి రాస్తాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, వానకాలం వరి కోతలు అయిపోతున్న రోజులు. వరండాలో పొడుగాటి బల్ల ఉంది. నేను బల్ల మీద కూర్చోలేదు, గోడకు ఆనుకొని గొంతుక్కూర్చున్నాను. లోపల ఎక్కడో ఇంజను కొట్టుకుంటోంది. నేల అదురుతోంది. ఆ అదురు అరికాళ్ల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి పొట్టలోకి ఎక్కుతోంది. అది ఇంజనుదో నాదో తెలియడం లేదు. చెప్పులు మెట్ల కింద విడిచాను. మళ్లీ లేచి వెళ్లి ఇంకాస్త దూరం జరిపాను. తలుపు పక్కన గుమాస్తా కాగితం పట్టుకొని నిలబడ్డాడు, పేర్లు పిలుస్తున్నాడు, పిలిచినప్పుడల్లా నా పేరు కానందుకు ఒకసారి ఊపిరి వదులుతున్నాను, నా పేరు ఇంకా దగ్గరికి వచ్చినందుకు మళ్లీ బిగబడుతున్నాను. తవుడు వాసన. గాలిలో ఊక పొడి. దగ్గు వస్తోంది, దగ్గితే ఎవరైనా నా వైపు చూస్తారని ఆపుకుంటున్నాను. జేబులో మా ఊరి బడి రాందాస్ పంతులు రాసిచ్చిన చిట్టీ ఉంది. ఇతనికి చదవడం రాయడం వచ్చు, నమ్మదగిన మనిషి, అని రాశాడు. దాన్ని మాటిమాటికీ తడిమి చూసుకుంటుంటే చెమటకు మెత్తబడిపోయింది. అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. చూద్దామంటే భయం. బయటికి తీస్తే, ఏంటది అని గుమాస్తా అడుగుతాడు. అడిగితే చెప్పాలి.

పని ఏమిటో నాకు సరిగా తెలియదు. మిల్లులో మూడు నెలల సీజనుకు మనుషులు కావాలని, చదువు వచ్చినవాళ్లయితే మేలని పంతులు విని వచ్చి చెప్పాడు. జీతం ఎంతో కూడా నేను అడగలేదు. సీజను మనుషులకు మిల్లు వెనక రేకుల గదులు ఇస్తారన్నాడు. మిల్లు లారీ రోజు విడిచి రోజు, కాన్పుల దవాఖాన ఉన్న సూర్యాపేటకు పోతుందన్నాడు. నాకు అది చాలు. ఆ గది, ఆ లారీ. మా ఊరు సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, పెద్ద రోడ్డు, సడక్, నుంచి మూడు కోసులు, అంటే ఆరు మైళ్లు, లోపల. ఆ మూడు కోసులూ బండిబాట, వాగు, రాళ్లు. సడక్ ఎక్కినా, కమ్యూనిస్టుల కోసం మిలటరీ వాళ్లు బండ్లు ఆపి గడ్డి కింద కూడా వెతికే రోజులు. అలివేలుకు మొదటి కాన్పు మూడు రోజులు తీసింది. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కడమే ఎక్కువన్నారు. రుక్కమ్మ వాకిట్లో చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది: "కొడుకా, మళ్లొకసారి ఈమెను నా చేతులకు ఇయ్యకు. ఇంకో కడుపయితే నెలలు నిండకముందే దవాఖానకు దగ్గర్ల ఉంచు. గీడ పెట్టుకుంటె దక్కదు." రుక్కమ్మ చేతుల్లో పుట్టినవాళ్లే సగం ఊరు. ఆమె నోట ఆ మాట రావాలంటే ఎంత చూసి ఉంటుంది. ఇప్పుడు అలివేలుకు ఏడో నెల. అందుకని ఈ వరండాలో కూర్చున్నాను. ఈ పని రాకపోతే ఆమె పోతుంది. ఇంత తేట లెక్క నాకు జీవితంలో ఇంకెప్పుడూ ఎదురు కాలేదు.

బల్ల మీద ఒకడు కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. నాకంటే చిన్నవాడు. సక్రు అని పేరు చెప్పాడు, దామరచర్ల దిక్కు తండా నుంచి వచ్చాడట. "అన్నా, బల్ల ఏమన్న కరుస్తదా? మీదికి రా," అన్నాడు. మంచిగనే ఉన్న అన్నాను. "చలికాలంల గట్ల చెమటలు పడుతున్నవేంది? జొరమా?" కాదన్నాను. నువ్వు ఇంతకుముందు ఎక్కడన్న పని చేసినవా అని అడిగాను. నా భయమంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది. సక్రు ఆలోచించాడు. "ఆవులు కాసిన. ఒకసారి చిరుతపులి వచ్చింది, ఉరికిన. మా ఆవులు నాకన్న ముందు ఉరికినయి. అది పని కింద లెక్కనో కాదో లోపలికి పోయి అడుగుత." అని తనలో తాను నవ్వుకున్నాడు. ఆ నవ్వు వింటూ నేను గుమాస్తా వైపు చూశాను. అతను మా వైపు చూడలేదు. ఇక్కడ నవ్వవచ్చునన్నమాట. అయినా నేను నవ్వలేదు.

ఇంతకుముందు ఏం పని చేశావు. దారి పొడుగునా ఒకటిన్నర రోజు నడుస్తూ ఆ ప్రశ్ననే నమిలాను. బయలుదేరే పొద్దున అలివేలు నాకు పరీక్ష పెట్టింది. గంప బోర్లించి దాని మీద కూర్చుంది, పొట్ట ముందుకు పెట్టుకొని, మేనేజరు కుర్చీలో కూర్చున్నట్టు. "ఏమయా, నీ పేరేంది?" పర్వతాలు, అన్నాను. "నూతిల నుంచి మాట్లాడుతున్నవా? గట్టిగ చెప్పు. ఇంతకుముందు యాడ చేసినవ్ పని?" యాడ చెయ్యలే, అన్నాను. "చెయ్యలే అని అంటరా ఎవలన్న? దొర పొలం దున్నలేదా? దొరకు మోట కొట్టలేదా? దొర బండి తోలలేదా?" అది పని గాదు, వెట్టి, అన్నాను. "పని గాకపోతె నీ చేతులకు గా కాయలేంది? ఆటలాడితె కాసినయా?" నాకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వలేదు, మేనేజరు కదా. కొంగు ముడి విప్పి నాలుగు బియ్యపు గింజలు నోట్లో వేసుకుంది. కడుపుతో ఉన్నప్పటి నుంచి ఆమెకు పచ్చి బియ్యం మీద మనసు. కొంగున ఎప్పుడూ గుప్పెడు ఉండేవి. బియ్యం దొరకకపోతే వడ్లే కొరికి ఊక ఉమ్మేది. కోదాడలో మేనమామ దగ్గర పెరిగిన పిల్ల. వాళ్లకు చెరువు కింద ఇంత పొలం ఉండేది, వాళ్ల కళ్లంలో వాళ్ల ఇష్టం. ఆమె నమిలే చప్పుడు వింటే నాకు మెడ వెనక చెమట పట్టేది. మా ఇంట్లో, మా బియ్యం, అయినా కళ్లు తలుపు వైపు పోయేవి, ఎవరైనా వింటున్నారేమోనని. "ఇంకేమడుగుతడు?" అని అడిగింది. ఏమో అన్నాను. "ఏమన్న అడగనీ. తల వంచుకోకు. నోరు తెరువు. నువ్వు నోరు తెరిస్తె సాలు, పని అదే అయితది." గంప మీద నుంచి లేవడానికి చెయ్యి చాపింది. పట్టుకొని లేపాను. చెయ్యి వెచ్చగా ఉంది. అన్నీ అడిగింది. ఒక్కటి అడగలేదు. అడగడానికి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. పెళ్లయి నాలుగేళ్లయినా నా పెదవుల చివర ఉన్న గీతల గురించి, చిన్నప్పుడు అమ్మవారు పోసింది అనే చెబుతూ వచ్చాను.

గుమాస్తా ఇంకో పేరు పిలిచాడు. నాది కాదు. ఒక మనిషి లేచి లోపలికి పోయి తొందరగానే బయటికి వచ్చాడు. అతని మొహం చూసి ఏమీ తెలియలేదు. వరండా ముందు కళ్లంలా పెద్ద గచ్చు ఉంది. దాని మీద వడ్లు ఆరబోశారు. ఇద్దరు ఆడవాళ్లు కాళ్లతో సాళ్లు తీస్తూ నడుస్తున్నారు. ఒకామె వంగి గింజ తీసి నోట్లో వేసుకుంది. చూశారు, ఇప్పుడు ఎవరో చూశారు. ఎవరూ చూడలేదు. గుమాస్తా అటే చూస్తున్నాడు, చూసి కూడా కాగితం మీదికి తల వంచాడు. ఆమె ఊక ఉమ్మి ఏదో చెప్పింది, రెండో ఆమె తల ఊపింది. నేను కళ్లు దించుకున్నాను. కొన్ని చూడకపోవడమే మంచిది. చూసినవాణ్ణి కూడా అడుగుతారు.

నాకప్పుడు ఏడేళ్లు. దొర కళ్లంలో పదహారు ఎద్దులు బంతి కట్టి, వరి తొక్కుతూ తిరుగుతున్నాయి. గడ్డి మీద వాటి గిట్టల చప్పుడు మెత్తగా. ఒక్కో ఎద్దు మూతికి ఒక్కో చిక్కం, నారతో అల్లిన చిన్న వల, తొక్కుతూ తొక్కుతూ గింజ తినకుండా. వాటి వెనక మా నాయన. నేను వెన్నులు ఏరుతున్నాను. ఒక గింజ నోట్లో వేసుకున్నాను. ఒక్కటే. ముందు పళ్లతో ఊక తీశాను. లోపల గింజ ఇంకా పచ్చిగా, తియ్యగా ఉంది. ఆ తీపి ఇప్పటికీ నా నాలుకకు గుర్తే, అందుకే నాకు దాని మీద అసహ్యం. పొద్దు దిగేముందు అందరూ వరుసగా నిలబడాలి. దొర మనిషి వచ్చి నోరు తెరిపిస్తాడు. పుల్లతో నాలుక ఎత్తి చూస్తాడు. పంటి సందున ఊక దొరికితే దొంగతనం. నా పంటి సందున దొరికింది. నన్ను ఏమీ అనలేదు. మా నాయనను వంగమన్నారు, వీపు మీద బండ పెట్టారు, చీకటి పడేదాకా. నేను ఆయన ఎదురుగా నిలబడి ఆయన ముక్కు చివర నుంచి చెమట బొట్లు దుమ్ములో పడి చిన్న చిన్న గుంటలు కావడం చూశాను. ఆయన మూలగలేదు. ఇంటికి వచ్చాక నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. జనుము నార తెచ్చుకొని దీపం ముందర కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి నా మొహం మీద వేళ్లు పెట్టి కొలిచాడు. ముక్కు నుంచి గడ్డానికి, చెంప నుంచి చెంపకు. అంగీ కుట్టేవాడు కొలిచినట్టు జాగ్రత్తగా కొలిచాడు. నాకేదో చేసిపెడుతున్నాడని సంబరపడ్డాను.

పొద్దున కళ్లానికి పోయేముందు దాన్ని నా మూతికి కట్టాడు. ఎద్దులు నన్ను చూశాయి. జనం చూశారు. దొర వచ్చి కుర్చీలో కూర్చున్నాక నన్ను దగ్గరికి పిలిపించుకొని చూశాడు. "కాటిగా, ఎద్దులు పదహారు అనుకున్న. పదిహేడయినయేందిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. బండ మోసిన వీపు ఇంకా నిటారు కాలేదు, చేతులు జోడించి, పళ్లు కనబడేలా నవ్వాడు. నేను ఆ బండను మరచిపోగలను. ఆ నవ్వును మరచిపోలేను. ఐదు పంటలు నా మూతికి చిక్కం ఉంది. నేను పెరిగిన కొద్దీ కొత్తది అల్లేవాడు. నార పెదవుల చివరలు కోసేది, దానికి ఆముదం రాసి మెత్తబరిచేవాడు. అది ప్రేమ అనేవాళ్లు ఉంటారు. నేను అనను. రెండో ఏడు దొర మనిషి నా చిక్కం పక్కకు లాగి, చేతిలో నాలుగు గింజలు పెట్టి, "తినరా, నేనేమనను గని," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మా నాయన వైపు చూశాను. ఆయన తల కదిలీ కదలనట్టు అడ్డంగా కదిలింది. నేను తినలేదు. దొర మనిషి నా తల నిమిరి, "కుదిరిండు," అన్నాడు. ఆ సాయంత్రం మా నాయన నన్ను భుజం మీద ఎక్కించుకొని ఇంటికి తెచ్చాడు. అంత సంతోషంగా ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. బడిలో పిల్లలు నన్ను పదిహేడో ఎద్దు అనేవాళ్లు. రాందాస్ పంతులు ఇసుక మీద అక్షరాలు దిద్దించేవాడు. రాయడం అందరికంటే ముందు నాకే వచ్చింది. చదవమంటే మాత్రం నోరు తెరిచేవాణ్ణి కాదు. పంతులు విసిగి, రాసి చూపించురా అనేవాడు. రాసి చూపించేవాణ్ణి. ఇప్పుడూ అదే చేస్తున్నాను.

సక్రును పిలిచారు. కాళ్లు ఊపడం ఆపి, నా వైపు కన్ను కొట్టి లోపలికి పోయాడు. తలుపు వెనక మాటలు. నవ్వు వినిపించింది, ఇద్దరు నవ్విన నవ్వు. మేనేజరు నవ్వుతాడన్నమాట. నవ్వేవాళ్లంటే నాకు ఎక్కువ భయం. కాసేపటికి బయటికి వచ్చాడు. "అయింది అన్నా. రేపటి నుంచే రమ్మన్నడు." ఏమడిగిండు, అన్నాను. "ఏం లేదు. వడ్లు తినిపిచ్చిండు, పెండ్లికి పిలిచినట్టు." వేళాకోళమనుకున్నాను. కానీ అతని కింది పెదవి మీద ఊక అంటుకొని ఉంది. పసుపుపచ్చగా, ఒక రేకు. "మూతి తుడుచుకో," అన్నాను. ఎందుకు అన్నాడు. "ఎవలన్న చూస్తరు." "చూస్తె?" అతనికి నిజంగా తెలియదు. చూస్తే ఏమవుతుందో తెలియని మనిషి మొహం అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. నాలుకతోనే ఊకను తీసి అవతలికి ఉమ్మాడు. "లోపల భయం లేదన్నా. మంచి మనిషే. పో," అన్నాడు. అతను నాకు సగం దారి చూపించాడు. మిగతా సగం నడవడానికి నోరు కావాలి.

పర్వతాలెవరు, అన్నాడు గుమాస్తా.

లోపల చల్లగా ఉంది. బల్ల, దాని వెనక కుర్చీ, కుర్చీలో తెల్ల చొక్కా మనిషి. బెజవాడ వైపువాడని మాటలోనే తెలుస్తోంది. బల్ల మీద మూడు గిన్నెల్లో వడ్లు. మూలన బస్తాలో పొడిచి గింజలు తీసే ఇనుప గొట్టం. "కూర్చోవయ్యా," అన్నాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. బలవంతం చేయలేదు. చిట్టీ ఇచ్చాను. అలుక్కుపోయిన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పరవాలేదు, చదువు వచ్చునని రాశారు కదా, అన్నాడు. "ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశావా?" వచ్చింది. అలివేలు గంప మీద కూర్చొని చూస్తోంది. దున్నిన, మోట కొట్టిన, బండి తోలిన, అన్నాను. గట్టిగానే వచ్చింది. వెట్టి అనలేదు. అతను తల ఊపాడు. "అదీ పనే కదయ్యా. ఇక్కడ కావలసింది అలాంటి మనుషులే." అంతే. ఒకటిన్నర రోజు నమిలిన ప్రశ్న అలా పోయింది. నాకు ఒళ్లు తేలికయింది. రేకుల గది కనిపించింది, గదిలో మూలన నీళ్ల కుండ, తలుపు దగ్గర గంప మీద అలివేలు. లారీ చప్పుడు వినిపించింది. సూర్యాపేట దవాఖాన మెట్లు నేనెన్నడూ చూడలేదు, అవి కూడా కనిపించాయి. ఆ తేలిక ఎంతసేపు ఉందో చెప్పలేను. ఒక గుక్కెడు నీళ్లు తాగినంతసేపు.

"పని పెద్దదేం కాదు," అన్నాడు. "బండ్లు వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి, ధాన్యం ఆరిందో లేదో చూసి చెప్పాలి. పచ్చి ధాన్యం మిల్లులో పోస్తే నూకైపోతుంది. ఏదీ, ఇది చూడు." గిన్నెలోంచి వడ్లు తీసి నా చేతిలో పోశాడు. నేను అరచేతిలో రుద్దాను. వాసన చూశాను. చూసిన, అన్నాను. అతను నవ్వాడు. "చేత్తో ఏం తెలుస్తుంది? పైకి ఎండినట్టే ఉంటుంది. పంటి కింద వేసి చెప్పు. టక్కుమంటే సరే. నొక్కుకుపోతే పచ్చి." చెయ్యి ఎత్తాను. నిజంగా ఎత్తాను, ఇది ఎవరూ నమ్మకపోయినా సరే. గింజ పెదవిని తాకింది. పెదవుల చివరలు మండాయి. జనుము నార వాసన వచ్చింది, ఆముదం వాసన వచ్చింది, నా ఊపిరి నాకే వేడిగా మొహం మీద తగిలింది. దవడ బిగుసుకుపోయింది. తెరువు అని చెబుతున్నాను దానికి, లోపల నుంచి, రెండు చేతులతో లాగుతున్నట్టు. అది నాది కాదు. గుమాస్తా వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, నేను ఏం చేస్తానో చూడటానికి నిలబడ్డాడు. మేనేజరు నవ్వుతూనే ఉన్నాడు. "తినవయ్యా, నేనేమీ అననులే," అన్నాడు. నవ్వుతూ ఆ మాట. నేను పక్కకు చూశాను. అక్కడ ఎవరూ లేరు. మా నాయన అక్కడికి నలభై మైళ్ల అవతల ఉన్నాడు. అయినా తల అడ్డంగా కదలడం చూశాను.

ఆ తల నాకు ఇంకోసారి కనబడింది, రెండు నెలల తర్వాత, బండి ముందర. మాఘంలో. సూర్యాపేట దవాఖానకు బయలుదేరాం; బండిలో గడ్డి మీద నొప్పులతో అలివేలు, పక్కన నేను, కాళ్ల దగ్గర రుక్కమ్మ. వాగు దాటాం. బాట రెండు వైపులా దొర జొన్నచేలు, కంకులు బండిని రాసుకుంటున్నాయి. కమ్యూనిస్టుల భయానికి పట్నం పారిపోయిన దొర మళ్లీ ఊళ్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. మా నాయన బండి ఆపాడు. ఎందుకు ఆగినవ్ అని అరిచాను. ఆయన దిగి, బండి కింద వేలాడే సంచిలోంచి చిక్కాలు తీశాడు. ఒక ఎద్దు మూతికి కట్టాడు. ముడి సరిగా పడలేదని విప్పి మళ్లీ కట్టాడు. రెండో ఎద్దు దగ్గరికి పోయాడు. అలివేలు అరుపు ఆపింది. "మామా, జల్ది," అని మాత్రం అంది, మెల్లగా, అడిగినట్టు. ఆయన తల ఎత్తలేదు. "ఐపాయె బిడ్డా, ఐపాయె. కంకి కొరికితె మన పాణం తీస్తరు," అన్నాడు. సడక్ ఇంకా ఒక కోసు ఉండగా ఆమె పోయింది. ఆ ముడులు కట్టకపోయినా పోయేదేనని రుక్కమ్మ తర్వాత నాతో అంది. ఉండవచ్చు. నేను వాదించలేదు. మూడేళ్లకు మా నాయన పోయాడు. పాడె మీద పెట్టాక, కొడుకువు, నోట్లో బియ్యం వెయ్యి అన్నారు. పళ్లెం నా ముందు పట్టారు. వేయలేదు. పెద్దమనుషులు బతిమాలారు, తిట్టారు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఆయన అలాగే పోయాడు, ఖాళీ నోటితో.

గింజ నా పెదవి దగ్గర ఉంది. మేనేజరు నవ్వు ఆపి నన్ను చూస్తున్నాడు. "నేను దొంగను కాదు," అన్నాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో, దవడ దానికి మాత్రం ఎలా తెరుచుకుందో తెలియదు. అతను ముందుకు వంగాడు. "నిన్ను దొంగని ఎవరన్నారయ్యా?" అన్నాడు. గుమాస్తా వెనక నుంచి, "ఈ పల్లెలోళ్లు ఇట్లనే ఉంటరు సార్, పోనీయండి," అన్నాడు. మేనేజరు చెయ్యి ఎత్తి అతన్ని ఆపి ఇంకాసేపు చూశాడు. ఇంకో రెండుసార్లు చెప్పాడు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. నేను గోడ మీద బల్లిని చూస్తున్నాను. చివరికి కాగితం మీద ఏదో కొట్టేశాడు. "గింజ కొరకడానికే భయపడితే గేటు దగ్గర బండివాళ్లతో ఎలా వేగుతావు? వెళ్లిరా. వచ్చే సీజనుకు చూద్దాం." అతను చెడ్డవాడు కాదు. అతని మీద నాకు ఏమీ లేదు.

బయట సక్రు గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు. "అయిందా అన్నా?" అని అరిచాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకొని అతన్ని దాటిపోయాను. హుజూర్‌నగర్ బాట పట్టి చాలాదూరం నడిచాక కుడిచేతి గుప్పిట నొప్పి పెట్టింది. విప్పి చూశాను. వడ్లు. మిల్లు వడ్లు. చెమటకు అరచేతిలో అతుక్కుపోయి, గింజ గింజకూ ఒక గుంట పడి ఉంది. వెనక్కి చూశాను. ఎవరూ రావడం లేదు. తిరిగిపోయి ఇచ్చేద్దామా. ఇస్తే, ఎందుకు పట్టుకుపోయినవ్ అంటారు. పారేద్దామా. పారేస్తే అక్కడే దొరుకుతాయి. రోడ్డు మధ్యన నిలబడి, ఎదురుగా దుమ్ము లేపుతూ మిలటరీ లారీ వస్తుంటే, తువ్వాలు చివర ఆ గింజలు ముడి వేసి, ముడిని అంగీ లోపలికి తోసుకొని, కాలువగట్టు దిగి కూర్చున్నాను. లారీ పోయేదాకా ఊపిరి తీయలేదు. ఆ రోజు వరకు నేను నిజంగానే దొంగను కాదు.

మరునాడు పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. మా నాయన వాకిట్లో కూర్చొని నార పేనుతున్నాడు. నా మొహం చూసి మళ్లీ నార మీదికి వంగాడు. అలివేలు కాళ్లకు నీళ్లు ఇచ్చి, తువ్వాలు తీసుకొని దులపబోతే ముడి చేతికి తగిలింది. "ఇదేంది, గింతే వడ్లు? మిల్లంత తిరిగి నాకు తెచ్చింది ఇదా?" అని నవ్వింది. వద్దు అనేలోపల ఒక గింజ నోట్లో వేసుకుంది. నేను తలుపు వైపు చూశాను. ఆమె పంటి కింద చప్పుడు కాలేదు.

"పచ్చిగున్నయి," అంది. "ఇంకో ఎండ కావాలె."

ఊక వేలితో తీసి కోడికి వేసింది. "చెప్పు మరి, ఏమడిగిండు?"

"ఏమడగలే. మనుషులు సరిపోయిన్రన్నడు."

"పోనీ తియ్," అంది. ఇంకో గింజ తీసుకుంది.

ఆమె చేతిలో ఉన్నదే ఆ మేనేజరు అడిగిన ప్రశ్న అని, జవాబు ఆమె చెప్పేసిందని ఆమెకు తెలియకుండానే పోయింది. రాయవలసింది ఇంతే. రాశాను. దీని గురించి నేను ఇక ఎవరితోనూ మాట్లాడను. అడిగినా నోరు తెరవను.